చూపు ఆనని పాఠకుడు

తెలుగులో గుడ్డిదీపం అనే మాట ఉంది. ఆరిపోయిన దీపాన్ని ఎవరూ అలా అనరు. వెలుగుతూనే ఉండి, పక్కనున్నది చెంబో తపేలానో తేల్చి చెప్పనివ్వని దీపం గుడ్డిదీపం. గుడ్డివెన్నెల కూడా అంతే, అమావాస్య కాదు. గుడ్డితనమంటే కటిక చీకటి ఒక్కటే కాదనీ, వెలుగుకీ చీకటికీ మధ్య చాలా మెట్లున్నాయనీ ఈ మాటలు పుట్టించిన జనానికి బాగా తెలుసు. "చూపు ఆనడం లేదు" అనే పలుకుబడి మరీ గొప్పది. చూపు ఉంది, బయల్దేరింది కూడా, వెళ్ళి వస్తువు మీద ఆనలేదు. కంటి డాక్టరు అరపేజీలో చెప్పేది మన ముసలమ్మలు మూడు మాటల్లో చెప్పేశారు. భాషకి ఇంత తేటగా తెలిసిన సంగతి మన కథకీ, నాటకానికీ, సినిమాకీ ఎందుకు తెలియలేదన్నది నా మిత్రుడి ప్రశ్న. ప్రశ్న వాడిది, వ్యాసం నాది.

వాడూ నేనూ బరంపురంలో 1988 నుంచి 1991 దాకా బీకాం కలిసి చదివాం. ఇద్దరికీ చూపు తక్కువే. ఐతే ఆ తక్కువలో పోలిక లేదు. నాది రెటినైటిస్ పిగ్మెంటోసా. రేచీకటితో మొదలై, చూపు అంచుల నుంచి లోపలికి తరుగుతూ వస్తుంది. గొట్టంలోంచి చూసినట్టు ఎదుటి ముక్క మాత్రం కనిపిస్తుంది. ఆ ముక్కలో అక్షరం ఎంత చిన్నదైనా అప్పట్లో చదివేవాణ్ణి. పక్కనున్న సైకిలు కనబడదు, పొద్దుగూకితే మెట్టు కనబడదు. వాడిది సరిగ్గా తిరగేసిన జబ్బు. రెటీనాకి నడిబొడ్డున ఉండే మేక్యులా చిన్నతనంలోనే దెబ్బతింది. అక్షరం చదవడానికీ ముఖం పోల్చుకోవడానికీ పనికొచ్చేది ఆ నడిబొడ్డే. అది పోయి అంచులు మిగిలాయి. పెద్దబజారు సందుల్లో ఆవుల్నీ రిక్షాల్నీ తప్పించుకుంటూ దర్జాగా నడిచేవాడు, ఎదురొచ్చిన సొంత మేనమామని మాత్రం గొంతు వినేదాకా పోల్చుకోలేకపోయేవాడు. పగలు నోటీసు బోర్డు చదవడం నా వంతు, దీపాలు పెట్టాక ఇల్లు చేర్చడం వాడి వంతు. మీ ఇద్దర్నీ కలిపితే ఒక జత మంచి కళ్ళురా అని మా మాస్టారొకరు నవ్వేవారు. అది ముచ్చటైన మాటే గాని, రెండు సగాలు పక్కపక్కన నడిచినంత మాత్రాన ఒకటి అవదు. వాడికి కనిపించని ముఖం నాకు కనిపించేది, నాకు కనిపించని వీధి వాడికి కనిపించేది, రెంటినీ ఎవరమూ ఒక్కసారి చూడలేదు.

చదువయ్యాక నేను బ్యాంకు ఉద్యోగంలో ఊళ్ళు పట్టుకు తిరిగాను. వాడు ఊళ్ళోనే ఉండి, ఇంటర్ పిల్లలకి అకౌంటెన్సీ ట్యూషన్లు చెప్పుకుంటూ, దొరికిన తెలుగు పుస్తకమల్లా చదివి, నాకు పోస్టుకార్డులు రాసేవాడు. లావుపాటి స్కెచ్ పెన్నుతో అరంగుళం ఎత్తు అక్షరాలు. అంచేత కార్డుకి మూడు నాలుగు వాక్యాల కంటే పట్టవు. అవి ముప్పై దాకా నా దగ్గరున్నాయి. వాటిల్లో కుశలప్రశ్నలు తక్కువ, పుస్తకాల మీద తీర్పులెక్కువ. 2022లో వాడు పోయాడు. తన పేరు అచ్చులో చూసుకోవడం గిట్టనివాడు కనక ఇక్కడా చెప్పను. పత్రికలకి ఒక్క ముక్క రాయలేదు. ఐనా నేను విమర్శకుడని ఒప్పుకునే కొద్దిమందిలో వాడొకడు. ఇది స్నేహం కొద్దీ అంటున్న మాట అవునో కాదో చదివాక మీరే చెప్పాలి.

చూపు తక్కువవాడు మన కళల్లో రెండే వేషాల్లో వస్తాడని వాడి మొదటి ఆరోపణ. ఒకటి సోడాబుడ్డి కళ్ళద్దాల వేషం. ఆ అద్దాలు జారిపడతాయి, అతను నేల మీద తడుముకుంటాడు, స్తంభానికి నమస్కారం పెడతాడు, హాల్లో జనం నవ్వుతారు. కార్టూన్లలో గుమాస్తాలకీ ప్రొఫెసర్లకీ ఇదే వేషం. నవ్వించడం మీద వాడికి అభ్యంతరం లేదు. ఎవరు ఎక్కణ్ణుంచి నవ్వుతున్నారన్నదే వాడి ఫిర్యాదు. దానికి వాడు పోటీగా చూపించేది జేమ్స్ థర్బర్‌ని. ఆ అమెరికన్ హాస్య రచయిత చిన్నప్పుడు ఆటలో బాణం తగిలి ఒక కన్ను పోగొట్టుకున్నాడు, రెండోది కూడా తర్వాత్తర్వాత మసకబారింది. 'ది అడ్మిరల్ ఆన్ ది వీల్' అని చిన్న వ్యాసం ఒకటి రాశాడు. కళ్ళద్దాలు పగిలిన మనిషికి వీధి ఎలా కనిపిస్తుందో అందులో చెబుతాడు. పిల్లి పీపాలో కూచుని రోడ్డు దాటుతుంది, ముసలావిడ లారీలోంచి నడిచి అవతలికి వెళ్ళిపోతుంది. ఇక్కడా నవ్వే, కాని ఆ నవ్వు కంటి లోపలి నుంచి వస్తోంది. సోడాబుడ్డి వేషంలో చూసేవాడు హాల్లో ఉంటాడు, చూడలేనివాడు తెర మీద ఉంటాడు. థర్బర్ దగ్గర చూడలేనివాడే చూసేవాడు, పైగా మనకంటే ఎక్కువ చూస్తున్నాడు. తెలుగులో ఇంత మంది హాస్యరచయితలుండి, అందులో సగం మందికి చత్వారం వచ్చి, ఒక్కరికీ ఈ పని తోచకపోవడం నాకూ వింతగానే ఉంటుంది.

రెండో వేషం పూర్తి అంధుడిది. 'సిరివెన్నెల' 1986లో వచ్చింది. మేము దాన్ని రెండోసారి ఆటకి వచ్చినప్పుడు చూశాం. 'అమావాస్య చంద్రుడు' 1981 నాటిది, వీసీపీ అద్దెకి తెచ్చుకుని చూశాం. మొదటిదాంట్లో అంధుడు వేణువు వాయిస్తాడు. రెండోదాంట్లో వాయులీనం. 'సిరివెన్నెల' మామూలు సినిమా కాదు. మాట్లాడలేని అమ్మాయి చూడలేని మనిషిని ప్రేమించడమనే చిక్కుముడిని విశ్వనాథ్ గారు ధైర్యంగా వేసుకున్నారు. ఆమె అతనికి ఏ భాషలో చెప్పాలి? ఆ ప్రశ్న మీద నిలబడినంతసేపూ సినిమా నిలబడింది, వాడూ మెచ్చుకున్నాడు. ఐతే సినిమా ఆ ప్రశ్న మీదే నిలవకుండా పరిహారం పంచడానికి దిగుతుందని వాడి విమర్శ. చాలా ఏళ్ళ తర్వాత టీవీలో మళ్ళీ విని (చూసి అనను) రాసిన కార్డు ఇది. "గుడ్డివాడికి వేణువు. మూగదానికి కుంచె. లెక్క సరిపెట్టేశారు. మనకి ఏ పద్దూ లేదు, గమనించావా?"

కామర్సు చదివినవాళ్ళం కనక ఈ పద్దు మాట మాకు తేలిగ్గా తగిలేది. ఒకచోట ఖర్చు రాసి, ఇంకోచోట జమ రాసి, రెండూ కొట్టేస్తే నిల్వ మారదు. కన్ను పోయింది, సంగీతం వచ్చింది, కనక బాధపడక్కర్లేదని ప్రేక్షకుణ్ణి ఇంటికి పంపడం అలాంటి సర్దుబాటు పద్దే. నిజంగా చూపు మందమైన ఫిడేలు విద్వాంసుడు మనకి ఉండనే ఉన్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖలో పెరిగి, 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులై, 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. చూపు మందం వల్లనే బడి చదువు సాగలేదని చెబుతారు. ఆయన వాయిద్యం గురించి మాట్లాడేవాళ్ళు కమాను పట్టు గురించీ, నాదం నిండుదనం గురించీ మాట్లాడతారు గాని, కంటికి బదులు దేవుడిచ్చిన చెవి అని సరిపెట్టుకోరు. జీవితంలో చూపు ఒక సంగతి, సంగీతం ఇంకో సంగతి. రెంటినీ తక్కెట్లో పెట్టి తూచేది కథే.

జనశ్రుతికి కూడా సగాలు గిట్టవు. ఒడిశాలో ఉన్నవాళ్ళకి భీమ భోయి పేరు కొత్తది కాదు. 19వ శతాబ్దిలో మహిమా ధర్మాన్ని పాటల్లో పాడిన సంతకవి. ఆయన పుట్టుగుడ్డి అని నమ్మకం. కాదని, తర్వాత పోయిందని, అసలు చూపుండేదని కూడా పండితుల్లో వాదాలున్నాయి. ఏది నిజమో తేల్చడం నా పని కాదు. ఆ వాదంలో "కొంచెం కనిపించేదేమో" అన్న మాటకి జనం నోట ఎక్కడా చోటు దొరకదని మాత్రం మావాడు గమనించాడు. భక్తుడంటే లోచూపు తెరుచుకోవాలి. లోచూపు తెరుచుకోవాలంటే బయటి చూపు పూర్తిగా మూసుకోవాలి. సగం మూసిన తలుపు పురాణానికి పనికిరాదు. భారతంలో ధృతరాష్ట్రుడికి కొద్దిగా మసకగా కనిపించేదని రాసి ఉంటే సంజయుడికి పనేమిటి?

ఈ సగాన్ని దగ్గరగా వెళ్ళి తాకిన తెలుగు కథ ఒక్కటే ఉందని వాడి అభిప్రాయం. అది చాసో గారి 'ఎంపు'. ముష్టివాళ్ళ లోకంలో పెళ్ళిబేరం. కుంటివాడి మీద మనసుపడ్డ కూతురికి, గుడ్డివాడు సంపాదనపరుడని తండ్రి నచ్చజెబుతాడు. గుడ్డితనం అక్కడ లోపం కాదు, మూలధనం. ఏడిపించాలన్న యావ లేకుండా, నీతి చెప్పాలన్న తొందర లేకుండా, జాలికి బజారులో ధరెంతో చాసో చూపించారు. వాడి కార్డు: "ఎంపు మళ్ళీ చదివాను. పూర్తి గుడ్డికి పూర్తి ధర. ఈ కథలో మనలాంటివాడికి సంబంధమే రాదురా." నవ్వుతూ రాసినదే గాని, నేను ఎంపు మీద చదివిన విమర్శలన్నిటిలో నాకు దీని పదునే గుర్తుంది. కథలో లేని పాత్రని చూపించి ఆ కథ లోతు చెప్పాడు. జాలికి ధర కట్టే లోకంలో సగం చూపువాడు దొంగసరుకు. సందులో చకచకా నడిచివచ్చి, "అయ్యా, ఈ బస్సు ఎక్కడికి?" అని అడిగాడంటే, ఎదుటివాడు ఎగాదిగా చూస్తాడు. ఇందాకే బాగా నడిచొచ్చావు కదా! పైగా మావాడు మనిషిని చూడాలంటే ఆ మనిషి చెవి వైపో భుజం వైపో చూడాలి. నడిమి చూపు లేదు కనక పక్కచూపుతో పట్టుకోవాలి. అది ఎదుటివాడికి లెక్కలేనితనంలా ఉంటుంది. ఒక పరీక్షలో పర్యవేక్షకుడు వాణ్ణి రెండుసార్లు లేపి నిలబెట్టాడు. ప్రశ్నపత్రం చదవడానికి తల తిప్పితే పక్కవాడి కాగితంలోకి చూస్తున్నాడని అనుమానం. గుడ్డివాడికి జాలి దక్కుతుంది, కళ్ళున్నవాడికి గౌరవం దక్కుతుంది, మధ్యవాడికి దక్కేది అనుమానం. మన కథకులు జాలి మీద వందల కథలు రాశారు. అనుమానం మీద రాయవలసినవి ఇంకా అలాగే ఉన్నాయి.

ఇక వాడు చదివే పద్ధతి చెప్పాలి, వాడి విమర్శంతా అందులోంచే పుట్టింది కనక. భూతద్దం పెట్టి, పక్కచూపుతో, ఒక్కసారికి నాలుగైదు అక్షరాలు. డెమీ సైజు నవలలో ఒక పేజీకి పది పన్నెండు నిమిషాలు. మనం పావుగంటలో చదివే కథ వాడికి ఒక సాయంత్రం. "రచయిత నా చేత పన్నెండు నిమిషాలు ఖర్చు పెట్టించాడు, ప్రతిగా ఏమిచ్చాడు?" అని ప్రతి పేజీనీ అడిగేవాడు. త్వరగా చదివేవాళ్ళం మనం రచయిత పొల్లుని గమనించకుండా దాటేస్తాం. వాడికి దాటే వీలు లేదు, ప్రతి గింజా తొక్కతో సహా నమలాలి. అంచేత పొల్లు ఎక్కడుందో వాడికి తెలిసినట్టు ఎవరికీ తెలిసేది కాదు.

కాలేజీ రోజుల్లో వారపత్రికల సీరియళ్ళు నేను చదివి వినిపించేవాణ్ణి. ఒకసారి వాడికి ఒక ఆలోచన వచ్చింది. పాత లెడ్జరు కాగితం మీద గళ్ళు గీయించి, "కళ్ళతోనే చెప్పింది", "కళ్ళలోకి సూటిగా చూశాడు", "చూపులు కలిశాయి", "ఆమె కళ్ళలో ఏదో మెరుపు" అని పద్దులు రాయించాడు. ప్రతి సంచికకీ గీతలు పెట్టించాడు. ఆరు వారాలకి కాగితం నిండిపోయింది. చివర "ఇంత మంది ఇన్నిసార్లు కళ్ళతో మాట్లాడుకుంటే నోళ్ళేం చేస్తున్నాయిరా?" అన్నాడు. ఇది పరిహాసం కాదు. పాత్ర మనసులో ఏముందో మాటల్లోకి, చేతల్లోకి తేలేని రచయిత కళ్ళ మీదికి తోసేస్తాడు. కళ్ళు చూడగలిగిన పాఠకుడు తనకి తెలిసిన ఏదో ఒక చూపుని తెచ్చి ఆ ఖాళీలో నింపుకుంటాడు. జీవితంలో ఎవరి చూపూ తన చూపుతో కలవని పాఠకుడికి అలాంటి అరువు సరుకు లేదు. అంచేత ఆ వాక్యం ఎంత ఖాళీయో వాడికి వెంటనే తెలిసిపోయేది.

దీనికి ఎదురుగా వాడు నిలబెట్టేది 'కన్యాశుల్కం'. గురజాడ వారి నాటకం 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో ఇప్పుడు మనం చదువుతున్న రూపానికి పెరిగింది. ముఖాలు చూడనక్కర్లేని నాటకమిదని వాడనేవాడు. పేర్లు కొట్టేసి చదివినా గిరీశం గిరీశమే, రామప్పంతులు రామప్పంతులే. అగ్నిహోత్రావధాన్లు గొంతు విప్పితే అది ఇంకెవరిదో అని పొరపడలేం. మధురవాణి ఒక్కొక్కడితో ఒక్కొక్క తీరుగా మాట్లాడుతుంది, ఐనా అన్నీ ఆమే. నాటకం కదా, సంభాషణలే కదా ఉండేది అని మనం అనొచ్చు. సంభాషణలే ఉండి, అందరూ రచయిత గొంతుతోనే మాట్లాడే నాటకాలు ఎన్ని లేవు? పైగా విజయనగరం మాట మా బరంపురానికి దూరం కాదు. ఆ యాస వినగానే మనిషి కులం, వయసు, చదువు, అబద్ధం చెబుతున్నాడా లేదా అన్నీ చెవికే తెలుస్తాయి. గొంతుని బట్టి మనుషుల్ని పోల్చుకుంటూ బతికినవాడికి గురజాడ తన భాషలో రాసినట్టుండేది. నన్నడిగితే కన్యాశుల్కం గొప్పతనం మీద మనవాళ్ళు సంస్కరణ, వాస్తవికత అని ఎంతైనా రాశారు గాని, చెవితో మనిషిని నిర్మించే ఆ పని మీద రాసింది తక్కువ.

ఇంతదాకా వాడి పక్షం. తగాదా వచ్చింది బుచ్చిబాబు దగ్గర. 'చివరకు మిగిలేది' వాడు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు వదిలేశాడు. "ఆకాశం రంగు చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు ఖర్చు" అని కార్డు. బుచ్చిబాబు చిత్రకారుడు కూడా. ఆయన వాక్యం రంగూ నీడా చూసుకుని నడుస్తుంది. నాకు ఆ వాక్యం ఇష్టం. గొట్టంలోంచి చూసేవాడికి ఒక్కసారి ఒక ముక్కే దొరుకుతుంది. ఆ ముక్క మీద ఆగి, వెలుతురు ఎటు పడుతోందో చెప్పే రచయిత నాకు ఆప్తుడు. మొత్తం దృశ్యాన్ని ఆయన నాకు ముక్క తర్వాత ముక్కగా కట్టి ఇస్తాడు. వాడికి మొత్తం దృశ్యం ఉండనే ఉంది, లేనిది నడిబొడ్డు. ఆ నడిబొడ్డున మాట్లాడే మనిషి కావాలి వాడికి. మా తగాదా పదేళ్ళు సాగింది, ఎవరూ ఒప్పుకోలేదు. ఒకటి మాత్రం తేలింది. చూపు తక్కువవాళ్ళ అభిరుచి అంటూ ఒకటి లేదు. నిమిషాల లెక్కతో పుస్తకాన్ని తూచే వాడి కాటా మంచిదే, కాని ప్రతి సరుకునీ ఆ ఒక్క కాటాలోనే తూచకూడదు. నిదానంగా సాగడమే పనిగా పెట్టుకున్న పుస్తకాల విషయంలో వాడి తీర్పు చెల్లదని నేను ఇప్పటికీ అంటాను. జవాబు కార్డు రాదని తెలిసీ అంటాను.

లిపి గురించి వాడు చెప్పింది ఎవరైనా భాషాశాస్త్రం తెలిసినవారు పట్టించుకుంటే బాగుండును. మా ఊళ్ళో పిల్లలు ఒడియా, ఇంగ్లీషు బళ్ళో నేర్చుకుని, తెలుగు ఇంట్లో దిద్దుకునేవారు. మూడు లిపుల్నీ భూతద్దం కింద పెట్టి చూసినవాడి మాట ఇది. ఇంగ్లీషు అక్షరాలకి నిలువు గీతలు ఎక్కువ, మసకలో కూడా ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఒడియాలో అక్షరాల నెత్తిన పెద్ద గుండ్రని గొడుగు, ఒకదాన్నుంచి ఒకదాన్ని వేరుచేసే గుర్తు అడుగున చిన్నది. మసక కంటికి వరసంతా గొడుగులే. తెలుగులో గొడుగు లేదు, తలకట్టు ఉంది. కాని తేడాలన్నీ సూదిమొన తేడాలు. థ పొట్టలో చుక్క, ధ కింద గీత, ప-ష-స ల మధ్య చిన్న మెలిక. దాని కింద ఒత్తులు, ఒత్తుకి మళ్ళీ ఒత్తు. నాసిరకం కాగితం మీద సిరా పీలిస్తే స్త్ర అనేది నల్లటి మచ్చ. అంచేత వాడు అక్షరం చూసి మాట పట్టేవాడు కాదు, మాట ఊహించి అక్షరం సరిచూసుకునేవాడు. ఊహకి అందే వాక్యం రాసినవాడు బతికిపోయేవాడు. సంస్కృత సమాసాల కవి వాడి చేతిలో ఒక రాత్రంతా హింసపడేవాడు, వాణ్ణి హింసపెట్టేవాడు.

సాహిత్యం పేరు పెట్టకపోయినా సర్కారు పెట్టింది. 1995 చట్టం అంధత్వాన్నీ, చూపు తక్కువనీ రెండుగా చెప్పింది. 2016 చట్టం అంకెలు కూడా గీసింది. అద్దాలు పెట్టాక మంచికన్ను చూపు 6/18కి మించకుండా 3/60 దాకా ఉన్నా, చూపు విస్తీర్ణం 40 డిగ్రీల లోపు నుంచి 10 డిగ్రీల దాకా ఉన్నా తక్కువ చూపు. దాని కిందికి పోతే అంధత్వం. బ్యాంకువాడిగా నాకు ఈ అంకెలు ముద్దొస్తాయి. వాడికి మాత్రం దాని తెలుగు పేరు నచ్చలేదు. "అల్పదృష్టి అంటే బుద్ధి చిన్నదనుకుంటారు. డాక్టరు దూరదృష్టి అంటే జబ్బు, మంత్రికి దూరదృష్టి ఉంటే గొప్ప. చూపు ఆననివాడు అని రాయడానికి ఏం రోగం?" ఇది కూడా కార్డే.

బోర్హెస్‌ని వాడికి పరిచయం చేసింది నేను, ఇంగ్లీషులోంచి ఫోనులో చదివి వినిపించి. 1955లో అర్జెంటీనా జాతీయ గ్రంథాలయానికి అధిపతి అయ్యేనాటికి ఆయనకి పుస్తకం చదివే చూపు పోయింది. 1977లో అంధత్వం మీద ఇచ్చిన ఉపన్యాసంలో, గుడ్డివాడి లోకం నల్లగా ఉంటుందనుకోవడం పొరపాటనీ, తనకి కరువైంది నలుపేననీ అంటాడు. మావాడు ఆ చోట ఆపించి మళ్ళీ చదివించుకున్నాడు. "చూశావా, రంగు పేరు చెప్పాడు, దుఃఖం పేరు చెప్పలేదు" అన్నాడు. ఆకాశం రంగు చెప్పినందుకు బుచ్చిబాబుని తిట్టినవాడే ఈ మాటన్నాడని నేను గుర్తు చేస్తే, "అది కథకుడికి కనిపించిన రంగు, ఇది మనిషికి మిగిలిన రంగు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆఖరి పదేళ్ళలో వాడు భూతద్దం వదిలేసి ఫోను చేత చదివించుకోవడం మొదలుపెట్టాడు. అచ్చుపుస్తకం చదవలేనివాళ్ళ కోసం దాన్ని వేరే రూపంలోకి మార్చుకోవడానికి మన కాపీహక్కు చట్టం 2012 సవరణతో వీలు కల్పించింది. ఇదే సంగతి మీద 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. చట్టం తలుపు తీసింది, మనం గుమ్మం దగ్గర ఆగిపోయాం. యూనికోడ్ కాని డీటీపీ ఖతుల్లో కూర్చిన తెలుగు ఫోను గొంతుకి పిచ్చిగీతలు. పేజీని ఫొటో తీసి పెట్టిన పీడీఎఫ్ వట్టి బొమ్మ. మనలాంటి చిన్న పత్రికల వెనకటి సంచికలు చాలామటుకు ఈ రెండు రూపాల్లోనే ఉన్నాయి. ఇది కంటిజబ్బు ఉన్న పదిమంది గొడవ కాదు. హోసూరులో, కోలారులో, బరంపురంలో ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడుతూ, బళ్ళో తమిళమో కన్నడమో ఒడియానో చదివి, తెలుగు అక్షరం చూస్తే తెల్లమొహం వేసే మన మనవల గొడవ కూడా ఇదే. కళ్ళు బాగున్న ఆ పిల్లలకి కూడా తెలుగు అచ్చు ఆనదు. చెవి మాత్రం ఉంది. వాళ్ళ చెవికి పత్రికని అందించే పని మావాడికి అందించే పనే, రెండు ఖర్చులు కావు.

ఫోను గొంతు మీద కూడా వాడు విమర్శ రాశాడు, ఇది కార్డు కాదు, రికార్డు చేసి పంపిన మాట. కన్యాశుల్కం యూనికోడ్ పాఠం ఒకటి సంపాదించి పెట్టుకుని వింటున్నాడట. యంత్రం గిరీశాన్నీ అగ్నిహోత్రావధాన్లనీ మధురవాణినీ ఒకే ఆడగొంతుతో, రేడియో వార్తల్లా చదువుకుపోతోందట. ఐనా ఎవరు మాట్లాడుతున్నదీ ఒక్కచోట కూడా తప్పిపోలేదట. తర్వాత రికార్డులో కాసేపు వాడి ఊపిరి, వెనకాల సందులో ఎవరో ఒడియాలో కూరలమ్మే కేక. అప్పుడు ఫోను గొంతు రామప్పంతులు మాట ఒకటి మొదలుపెట్టింది. వాడు దాన్ని మధ్యలో ఆపేసి, మిగతా సగం తనే అందుకున్నాడు, విజయనగరం యాసలో, తడుముకోకుండా.